తిన్నది మన్ను

ఉలిని రాయి అంచు మీద ఆనించి, సుత్తితో రెండు దెబ్బలు మెల్లగా వేసి, తిరుపాలు ఆగాడు. రాయి లోపల గీత పరుగెత్తిన చప్పుడు సన్నగా వినిపించింది. వేళ్లతో పట్టి లాగగానే బండ రెండు పొరలుగా విడిపోయింది. ఒక పొరను ఎడమపక్క దొంతిలో పేర్చి, రెండోదాని మీద మళ్లీ ఉలి ఆనించాడు. మార్కాపురం పలకల గని దగ్గర తాటాకు పందిరి కింద పన్నెండు మంది వరసగా కూర్చుని ఇదే పని చేస్తారు. పదకొండు మంది మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. పదకొండో మనిషికీ తిరుపాలుకీ మధ్య మరొకరు కూర్చునేంత చోటు నాలుగేళ్లుగా ఖాళీగానే ఉంది.

అతనికి నలభై దాటాయి. రాతిదుమ్ము కనుబొమల్లో, చెవి మడతల్లో, మెడ మీది ముడతల్లో పేరుకుని, మనిషిని కూడా ఆ గనిలోంచే తవ్వి తీసినట్టుంటాడు. పని చేస్తున్నంతసేపూ నోరు కొద్దిగా కదులుతుంటుంది. ఏదో నములుతున్నాడనుకుంటారు. నోట్లో ఏమీ ఉండదు.

“బస్రా మామా, మధ్యాన్నం నీ నాలిక కాలుస్తారంట గదా,” అన్నాడు పదకొండోవాడు, రాయి మీదినుంచి చూపు తీయకుండా. “కాలినాక పులుపు తెలస్తదా?”

“తెలవకుంటేనే మంచిది. నీ పెండ్లాం చేసిన పులుసు గూడా తినొచ్చు.”

పందిరంతా పగలబడి నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. వెలివేసినవాడి మాటకు నవ్వడమంటే వాడి కంచంలో చెయ్యి పెట్టడమేనని అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది. రాతిపెచ్చులు గంపకెత్తుతున్న ఎలీషబా మాత్రం నవ్వుతూనే ఉంది.

“ఆళ్ల బంతి నీకెందుకన్నా? మా గుడికి రా. అందరం ఒక్క రొట్టె విరుచుకొని తింటం.”

“మీరు గూడా ముందు తప్పు ఒప్పుకోమంటారు గదమ్మా,” అన్నాడు తిరుపాలు. ఆమె కాదనలేక గంప నెత్తికెత్తుకుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే ఉలి కడిగి చూరులో పెట్టి ఊరిదారి పట్టాడు. గనికీ ఊరికీ రెండు మైళ్లు. రెండేళ్లుగా సరైన వాన లేదు. చేలల్లో జొన్నమోళ్లు కూడా లేవు, గొర్రెలు వేళ్లతో సహా పీక్కు తిన్నాయి. తల్లి శేషమ్మ పోయి ఆ రోజుకు పదకొండో రోజు. పాడె మొయ్యనివ్వలేదు. గుంతలో పిడికెడు మన్ను వెయ్యనివ్వలేదు. పెద్దదినానికైనా పెద్దకొడుకు చేత్తో ఆమె సమాధి మీద అన్నం పెట్టి పిట్టను పిలవాలంటే, ముందు కులం అతన్ని కలుపుకోవాలి. కులపెద్ద ఓబన్న ఈ ఒక్క పూట అవకాశం ఇచ్చాడు. పరాయి దేశంలో తిన్నవన్నీ ఒక్కొక్కటే పదిమందిలో చెప్పాలి. ఒక్కొక్కదానికీ “తెలియక తిన్నా, తిన్నది మన్ను” అనాలి. అప్పుడు నాలుక మీద కాల్చిన బంగారం తాకిస్తారు. ఆ తరువాత పిట్టకు పెట్టడం, ఆ తరువాత బంతి.

కాల్పుకు అతను భయపడలేదు. దారి పొడుగునా ఆ నాలుగు మాటలే నాలుక మీద దొర్లించి చూసుకున్నాడు. అవి ఏ రుచీ లేకుండా, గులకరాళ్లలాగా దొర్లాయి.

జర్మనీ యుద్ధం రోజుల్లో కూలిదళంలో చేరి ఆ ఊరి గొర్రెలవాళ్లలోంచి ఇద్దరు బస్రా వెళ్లారు. తిరుపాలు ఒకడు, కృష్ణయ్య ఒకడు. మూడేళ్లకు ఒకే రైలు దిగారు. “బియ్యం ఇచ్చినారు, మేమే వండుకున్యాం,” అన్నాడు కృష్ణయ్య. మర్నాడే బంతిలో కూర్చున్నాడు. తిరుపాలు మాత్రం మంద దగ్గర కూర్చుని, జాతర చూసొచ్చిన పిల్లవాడిలా, తిన్నవన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. దాచుకోవాలని తోచనే లేదు. మంచి మేత ఎక్కడుందో చెప్పడం మందలో మనిషి ధర్మం కదా అనుకున్నాడు. మూడో రోజుకు గొడ్లపాకలోకి మారాడు. పెళ్లాం కొండమ్మ మాత్రం అతని తమ్ముడు యల్లయ్యతో ఇంట్లోనే ఉండిపోయింది.

తల్లి ఒక్కతే సాయంత్రాలు సంగటి తెచ్చేది. ముద్ద పైనుంచి చేతిలో వేసి, నాలుగు మూరల దూరంలో కూర్చుని, “ఆడ ఏం తిన్న్యావు నాయనా, ఇంకొక్క తూరి చెప్పు,” అనేది. కంభం ఊరు దాటి ఎరగని మనిషి. ఊరంతా పాపం అడిగితే ఆమె రుచి అడిగింది. నాలుగేళ్లలో అతను చెప్పిన తిండి అంతా ఆమె రెండోసారి తిన్నది.

ఇంటి వెనక కొండమ్మ స్నానానికి నీళ్లు కాచి ఉంచింది. చెంబు తాకకుండా పైనుంచి పోస్తుంటే నీళ్లు వీపు మీద మరీ వేడిగా పడ్డాయి.

“వంకర మాట్లాడొద్దు,” అంది. “నువ్వు ఆడ తిన్న్యావు, నేను ఈడ అనుభవించినా. నాలుగేండ్లు ఏ పేరంటానికి పోలేదు. మన్ను అంటే మన్ను అను. నీకేం పోతది?”

“అంటాలే.”

“అంటావు. అప్పుడూ గమ్మునుండమంటే ఉంటానన్న్యావు.”

ఆమె మొహం చూడబోయాడు. అప్పటికే పక్కకు తిరిగింది.

ఇంటి ముందు పందిట్లో ఎనభై మంది దాకా కూర్చున్నారు. వాకిట్లో పొయ్యిల మీద వరి అన్నం ఉడుకుతోంది. ఆ వాసనకు పిల్లలు కాదు, పెద్దవాళ్లే మాటిమాటికీ అటు తిరుగుతున్నారు. ఆ ఇళ్లలో చాలావాటిల్లో వరి మెతుకు కనపడి ఏడాది దాటింది. ఓబన్న ముందు కుండపెంకులో నిప్పులు, నిప్పుల మధ్య శేషమ్మ ముక్కెర. ఆ ఇంట్లో ఉన్న బంగారం అదొక్కటే. ఓబన్న పక్కన నలుగురు పెద్దలు. నాలుగోవాడు కృష్ణయ్య.

“ఓడలో ఏం తిన్న్యావు?” అన్నాడు ఓబన్న.

“బిస్కత్తులు. రాయి మాదిరుండేవి. తెలియక తిన్నా, తిన్నది మన్ను.”

“అది నిజంగానే మన్నులే,” అన్నారెవరో. నవ్వారు. తిరుపాలుకు గుండె తేలికైంది. ఇంతే కదా అనిపించింది.

“ఆ తరువాత?”

“సర్దార్ల పప్పు, పెనం రొట్టె. తెలియక తిన్నా, తిన్నది మన్ను.”

“చీనావోళ్ల కాడ గూడా తిన్న్యావంట.”

“తిన్నా. పిండితో దారాలు తీసి ఉడకేస్తారు. రెండు పుల్లలతో ఎత్తుకుంటారు.”

“పుల్లల్తోనా? జారిపోవూ?” అంది వెనకనుంచి ఒక ముసలి గొంతు.

“జార్తాయి పెదనాయనా. మనమే నోరు గిన్నె కాడికి తీసకపోవాల.” ఒక క్షణం ఆగి, “తిన్నది మన్ను,” అన్నాడు.

“చేప?”

“పెద్ద ఏటి చేప. వీపు కాడ చీల్చి, గొర్రెతోలు ఆరబెట్టినట్టు పరిచి, పుల్లలు గుచ్చి నిప్పు పక్కన నిలబెడతారు. నిప్పు మీద గాదు, పక్కన. సెగకు దాని కొవ్వు దాంట్లోంచే కారి, దాని మీదే ఇగుర్తది.”

కృష్ణయ్య గొంతులో ముడి పైకి లేచి కిందికి దిగింది. తిరుపాలు ఆలస్యంగా “మన్ను” అన్నాడు.

“పెరుగు సంగతి చెప్పు,” అన్నాడు ఆ ముసలాయనే. అడగవలసింది తాను కాదని ఆయన మరచిపోయాడు.

“గొర్రె పెరుగు. కొండల మీదినుంచి దిగే మందలోళ్లు తోలు తిత్తుల్లో తెస్తారు. చాకు గుచ్చితే నిలబడతది. వాళ్ల గొర్రెల తోక చేటంతుంటది.”

“చేటంతనా!” పది గొంతులు. “తోకలో ఎముకుంటదా?” “నడిచేటప్పుడు అడ్డం పడదా?” “ఉన్ని ఎంతొస్తది?”

“ఎముక ల్యా. అంతా కొవ్వే. కరువొస్తే ఆ తోకే తిని బతుకుతాయంట.”

ఆ చివరి మాటకు అందరూ తమ మందల వైపు, ఎముకలు తేలిన గొర్రెల వైపు తిరిగారు. ఎవరో నిట్టూర్చారు. పెరుగు కూడా మన్నేనని తిరుపాలు గొణిగాడు. ఓబన్న చేతికర్ర నేలకేసి కొట్టాడు. తప్పు ఒప్పించడానికి పిలిస్తే వీడు కూర్చోబెట్టి వడ్డిస్తున్నాడని ఆయనకు అర్థమైంది. మొహం నల్లబడింది.

“ఇది సంతనుకున్యారా? రుచులు చెప్పమన్లా. పేరు చెప్పు, మన్ను అను. ఇంగొకటుంది. తురక ముసిల్దాని చేతి రొట్టె. దాంతో అయిపోతది. అను.”

తిరుపాలు నోరు తెరిచాడు.

బస్రాలో జ్వరం వచ్చినప్పుడు అతని మంచాన్ని తోటి కూలీలు ఖర్జూరపు చెట్ల కిందికి మోసి వదిలేశారు. కృష్ణయ్య కూడా దూరం నుంచే చూసి వెళ్లాడు. రెండో రోజు ఒక ముసలామె వచ్చింది. ఆమె మట్టిపొయ్యి గోడకు పిండి చరిచి రొట్టె కాల్చేది. అది తుంచి, ఎండి నల్లబడిన నిమ్మకాయలు వేసి కాచిన టీలో నానబెట్టి, తన వేళ్లతో అతని నోట్లో పెట్టింది. ఆ వేళ్లకు పొగ వాసన, గొర్రెల వాసన. ఏడు రోజులు. ఆమె పేరు అతనికి తెలియదు.

పోయిన నెలలో ఒక సాయంత్రం ఈ జ్వరం సంగతి మొదటిసారి చెబితే తల్లి చేతులు జోడించింది. “ఆ తల్లి చల్లగుండాల. నాకు బదులు పెట్టింది. ఆమె పెట్టిందంటే నేను పెట్టినట్టే,” అంది. ఆ పూట ముద్ద పైనుంచి వెయ్యలేదు. దగ్గరికొచ్చి అతని అరచేతిలో పెట్టింది. వేళ్లు తగిలాయి. ఇద్దరూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ నాలుగు మాటలు నాలుక దాకా వచ్చి ఆగాయి. తల్లికి అన్నం పెట్టాలంటే తల్లి పెట్టినదాన్ని మన్ను అనాలి. ఎటు తిప్పి చూసినా రాయి ఆ ఒక్కచోటే చీలుతోంది.

“అది మన్ను గాదు,” అన్నాడు.

“ఏందీ?”

“తక్కినయన్నీ అన్నా గదా మామా. అదొక్కటి నా నోట రాదు.”

యల్లయ్య లేచాడు. “అన్నా, ఒక్క మాట. అమ్మ ఆడ ఆకలితో ఉంటది. నాలుగు మాటలే గదా, నీ కాళ్లు మొక్కుతా.”

“అను!” కొండమ్మ ఆడవాళ్ల మధ్యనుంచి అరిచింది. “నీకు ఆ రొట్టె ముఖ్యమా, నేనా?”

ఆమె అడిగింది న్యాయమేనని అతనికి తెలుసు. కృష్ణయ్య వైపు చూశాడు. కృష్ణయ్య నిప్పుల్లోకి చూస్తున్నాడు. బస్రాలో అతనూ తిన్నాడని ఒక్క మాట చెబితే చాలు, కులం బయట తనకొక తోడు దొరుకుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. చెప్పలేదు.

“పొగరు,” అన్నాడు ఓబన్న. “నాలిక కాలిస్తే పోయేది గాదు. పిట్టకు తమ్ముడు పెడతాడు. నువ్వు ఇంగ ఈ పందిట్లో నిలబడొద్దు.”

ముక్కెరను పట్టకారుతో తీసి నీళ్లలో వేశారు. చుయ్యిమంది. ఎవరో అతని కాళ్ల దగ్గర మట్టిగడ్డ విసిరారు. రెండోది మోకాలికి తగిలింది. విసిరినవాళ్లలో తోక సంగతి అడిగిన గొంతులు కూడా ఉన్నాయి. ఇందాక నోరూరినందుకు వాళ్లకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గును విసరడానికి ఒక మనిషి కావాలి.

సమాధి దగ్గర యల్లయ్య అన్నం పెట్టాడు. తిరుపాలు గట్టు అవతల, ఎవరి నీడా తగలనంత దూరంలో నిలబడ్డాడు. పిట్ట ముట్టకూడదని కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు సిగ్గుపడి, ముట్టాలని కోరుకున్నాడు. కరువు సంవత్సరం. కాకులు పెట్టిందెవరని చూడలేదు. ఒకేసారి ఆరేడు దిగి, ముద్ద కోసం పొడుచుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నాయి.

“ఒప్పుకుందిరా మీ అమ్మ,” అన్నారందరూ.

అతను కాసేపు ఖాళీ నేలను చూశాడు. తరువాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పాక వైపు కాకుండా, రైలు స్టేషను దారిన నడిచాడు. ఎవరూ పిలవలేదు. మలుపు దాకా అతని తెల్ల తువ్వాలు కనిపించింది. తరువాత దుమ్ము కనిపించింది.

ఇంటి పక్క బయల్లో బంతి కూర్చుంది. విస్తర్లన్నీ కొండమ్మ పొద్దుననే, కూటం మొదలవక ముందే, తిరుపాలుకూ ఒకటి కలిపి పరిచింది. ఇప్పుడు ఉప్పు వడ్డిస్తూ ఒక్కొక్కరి ముందు వంగి లేస్తూ వెళ్లింది. చెయ్యి అలవాటున వడ్డించుకుంటూ చివరి దాకా పోయి, అక్కడ కూడా ఉప్పు వేసి, తల ఎత్తి చూసి ఆగింది. అక్కడ మనిషి లేడు. గిన్నె చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

అన్నం వచ్చింది, పప్పు వచ్చింది. ఎవరూ తల ఎత్తకుండా తిన్నారు. బంతి కొసన ఆ ఒక్క విస్తరి, గాలికి లేవకుండా మధ్యలో పెట్టిన గులకరాయితో, రాయి పక్కన చిటికెడు ఉప్పుతో, ఎండకు అంచులు ముడుచుకుంటూ అలాగే ఉంది.