నా బల్లమీద అయిదు వోల్టులు

శుక్రవారం పొద్దున ఎనిమిది కాకముందే జోసెఫ్ సారు మూడోసారి ఫోన్ చేశాడు. హిందూపురంలో తన నాయన స్టీలు సామాన్ల అంగడి పైగదిలో, స్పందన అప్పుడే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"మళ్ల తప్పిందమ్మా. నాలుగు తూర్లు బాగానే పోయినాది, అయిదోతూరి మూడు దెబ్బలు మింగేసింది. అన్నీ కలిపితే కదల్నే కదల్దు. రేపు పదకొండుకి ప్రోగ్రాము. నాకు కాళ్లూ చేతులూ ఆడల్యా."

"నా క్లాక్ బాగుండాది సార్. నా బల్లమీద అయిదు వోల్టులు చూసే పంపినా."

"శివకృష్ణ కూడా ఇదే మాట అంటాండాడు. ఆయప్ప సీక్వెన్సర్ బాగుండాదంట. ఇద్దరివీ బాగుంటే మా ఇంట్లో యాల ఆడదు మరి?"

స్పందన కాఫీ సగంలోనే పెట్టేసి లేచింది.

జోసెఫ్ పెనుకొండలో ఒక బడిలో సంగీతం చెప్పేవాడు. నలభై అయిదేళ్లు దాటాక ఆయనకు మాడ్యులర్ సింథసైజర్ మీద మోజు పుట్టింది. అది కీబోర్డులా ఒకే పెట్టె కాదు. అరచెయ్యంత మాడ్యూళ్లను చట్రంలో వరసగా బిగిస్తారు. ఒకటి స్వరం పుట్టిస్తుంది, ఒకటి డ్రమ్ము కొడుతుంది, ఒకటి స్వరాల వరస గుర్తుపెట్టుకుంటుంది, అదే సీక్వెన్సర్. వైర్లతో కలిపితేనే వాటి నుంచి పాట వస్తుంది. క్లాక్ అన్నది వాటన్నిటికీ తాళం వేసే మాడ్యూల్. అది పంపే ఒక్కో కరెంటు దెబ్బకు సీక్వెన్సర్ ఒక్కో స్వరం ముందుకు జరుగుతుంది. దెబ్బ అందకపోతే నిలబడిపోతుంది.

ఆయన చట్రంలో క్లాక్ స్పందన చేసింది, సీక్వెన్సర్ ధర్మవరం శివకృష్ణ చేసింది. ఒకప్పుడు ఈ రెండూ ఒకే గదిలో తయారయ్యేవి. అనంతపురంలో ఇంజనీరింగు కలిసి చదివినవాళ్లు, మూడేళ్లపాటు ఈ పైగదిలోనే పని చేశారు. శివ పొద్దున రైలుకొచ్చి సాయంత్రం రైలుకి పోయేవాడు. ఏడాదిన్నర కిందట బెంగుళూరు నుంచి ఎవరో ఫిర్యాదు చేస్తే, స్పందన చూడనైనా చూడకుండా "అది మా శివ బోర్డుతో వచ్చిన తంటా" అని ఫోన్లో చెప్పేసింది. శివ అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు. తప్పు వైరుదని రెండ్రోజులకు తేలింది గాని, అప్పటికే అతను పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

స్పందన, కరెంటు దెబ్బల్ని తెరమీద గీతలుగా చూపే స్కోపూ సోల్డరింగ్ కడ్డీ సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

"టిఫిన్ తిని పోరాదా?" అన్నాడు నాయన జయరామయ్య, బిందెలు వరసగా పేరుస్తూ.

"వచ్చి తింటా నాయనా."

బస్సులో ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది. స్కోపు బ్యాటరీ రెండుసార్లు చూసింది. కిటికీ తెరిచింది, దుమ్ము కొడుతుంటే మూసింది. కండక్టరు టికెట్ ఇస్తే ఎక్కడ పెట్టిందో మరచిపోయి మూడు జేబులు వెతుక్కుంది. తప్పు తనది కాదని గట్టిగానే అనుకుంటోంది.

జోసెఫ్ తన సరంజామా అంతా భోజనాల బల్లమీద పరిచిపెట్టి ఉన్నాడు. "నేనే మీటరు పెట్టి చూసినా. ఒకటిన్నర చూపిస్తాంది," అన్నాడు.

"మీటరుతో చూడగూడదు సార్. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉండే ఖాళీని కూడా కలిపి సగటు చెప్తుంది అది. దెబ్బ ఎంత ఎత్తుకు లేస్తాందో చూడాలంటే స్కోపు కావాల."

వైర్లన్నీ పీకేసి, క్లాక్ ఒక్కదాని మీదనే స్కోపు పెట్టింది. చిన్న తెరమీద గోడలు కట్టినట్టు చదరపు గీతలు పరిగెత్తాయి. సరిగ్గా అయిదు వోల్టులు. ఆమె ప్రాణం కొంచెం కుదుటపడింది. సీక్వెన్సరుకు వైరు తగిలించింది. గోడలు పొట్టివైపోయాయి, మూడు పాయింటు నాలుగు వోల్టులు. అయినా సీక్వెన్సర్ నడుస్తోంది. డ్రమ్ము కలిపితే మూడు పాయింటు రెండు. ఇంకొకటి కలిపితే మూడు దగ్గరే ఊగిసలాడింది, సీక్వెన్సర్ రెండు మెట్లు తడబడింది. నాలుగోదీ కలిపేసరికి రెండు పాయింటు ఎనిమిది. ఇక కదల్లేదు.

"చూస్తిరా సార్. ఏమీ తగిలించకుంటే అయిదు. శివ సీక్వెన్సర్ పెట్టంగనే మూడున్నర కాడికి కూలిపాయ. తక్కినవి కొంచెం కొంచెం లాగుతాయి, ఇదొక్కటే గబుక్కున లాగేస్తాండాది."

"డ్రమ్ము ఒక్కటే పెట్టి చూడరాదా?"

"ఇంగేం చూడబళ్లేదు," అంటూ ఆమె అప్పటికే సీక్వెన్సర్ స్క్రూలు విప్పుతోంది. "ధర్మవరం పోయి చూపిస్తా. సాయంత్రానికి తెస్తా సార్."

ధర్మవరం బస్సులో అయితే ఆమె శివతో అనబోయే మాటలన్నీ వరసగా పేర్చుకుంది. మాట మాటకూ ఇంకొంచెం పదును పెట్టుకుంది.

శివ ఇంట్లో ముందుగదంతా మగ్గమే. అతని తల్లి సత్యభామ గుంటలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తోంది. ఆమె కాలితో తొక్కినప్పుడల్లా మోటారు గుర్రుమని, చీర డిజైను పోగుల్ని లేపే జకార్డును పైకెత్తుతోంది. స్పందనను చూసి చేతులు ఆపింది.

"ఎన్నాళ్లకు వస్తివే. అన్నం తిన్నావా?"

"తింటానమ్మా. శివ ఉండాడా?"

వెనకగదిలోంచి అతనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రమ్మనలేదు, వద్దనలేదు. స్పందన సీక్వెన్సర్ తీసి అతని బల్లమీద పెట్టింది.

"దీని ఇన్‌పుట్‌లో ఎంత రెసిస్టర్ వేసినావు?"

"ఇరవై రెండు కె," అన్నాడు శివ. కె అంటే వెయ్యి ఓములు, రెసిస్టర్ కరెంటుకు వేసే అడ్డు కొలత.

"నూరు కదా మనం అనుకునింది? అంత తక్కువ వేస్తే అవతలోని సిగ్నలంతా ఇదే లాక్కుంటాది."

"నాకు తెలీదా? నూరు వేస్తే ఈడ ఆడదు." అతను అరలోంచి నూరు కె వేసిన పాత బోర్డు తీసి కరెంటు పెట్టాడు. దానికి క్లాక్ లేదు, ఒక వైరు మాత్రం ఊరికే వేలాడుతోంది. "చూడు."

ముందుగదిలో మోటారు గుర్రుమంది. బోర్డుమీద దీపం ఒక మెట్టు దూకింది. మళ్లీ మోటారు, మళ్లీ ఒక మెట్టు.

"అమ్మ మగ్గం తొక్కితే మోటారు గోల ఈ వైరులోకి దూరి ఇది నడుస్తాది," అన్నాడు శివ. "ఆర్నెల్లు దీంతో చచ్చినా. అందుకే ఇరవై రెండు వేసి ఇన్‌పుట్ బరువు చేసినా, మూడు వోల్టులు దాటితేగాని కదలకుండా పెట్టినా."

"నాకొక మాట చెప్పల్యా?"

"నువ్వు ఫోన్ ఎత్తుతావా?"

అతను కాగితం తీసుకుని లెక్క మొదలుపెట్టాడు. అయిదు వోల్టులు మూడు పాయింటు నాలుగు అయ్యాయంటే, ఇటు ఇరవై రెండు ఉంటే అటు క్లాక్ లోపల ఎంతుండాలి? పెన్సిలు ఇంకా సగంలో ఉండగానే స్పందనకు జవాబు తెలిసిపోయింది.

పది కె. క్లాక్ నుంచి దెబ్బ బయటికి పోయే దారిలో ఉండాల్సింది ఒక కె. పోయిన వానాకాలంలో ఇద్దరు కొనుగోలుదారులు వైర్లు తప్పుగా కలిపి చిప్పులు కాల్చుకున్నారు. విసుగెత్తి, ఆ తర్వాత చేసినవాటిలో ఒకటి బదులు పది వేసింది. దారి ఇరుకైతే చిప్పు కాలదు. కాలలేదు కూడా. కానీ ఆ ఇరుకు దారిలోంచే నాలుగు మాడ్యూళ్లకూ దెబ్బ అందాలి. ఆమె ప్రతి క్లాకునూ దేనికీ తగిలించకుండానే, బల్లమీద ఒంటిగా పెట్టి చూసింది. ఒంటిగా చూస్తే ఎప్పుడూ అయిదే.

శివ లెక్క సగంలోనే వదిలి పెన్సిలు పక్కన పెట్టేశాడు. "సరే పో. జోసెఫ్ సారింట్లో మగ్గం లేదు కదా. దీంట్లో నూరు వేసిస్తా, తీసుకుని పో." చెయ్యి చాచి సోల్డరింగ్ కడ్డీ అందుకున్నాడు.

నూరు వేస్తే చాలు. ఆమె మనసులో లెక్క అప్పటికే అయిపోయింది: నాలుగూ కలిపినా మూడున్నర నిలబడుతుంది, ఆడుతుంది. రేపటి ప్రోగ్రాము గట్టెక్కుతుంది. తన పది సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు. కడ్డీ వేడెక్కి సన్నగా పొగ లేచింది. ఆమె కుర్చీలోంచి లేచింది, మళ్లీ కూర్చుంది, గోడమీద క్యాలెండరు చూసింది.

"శివా, ఆగు."

అతను తలెత్తాడు.

"నా దాంట్లో పది కె ఉండాది."

శివ కడ్డీని బల్ల అంచున ఆనించాడు.

"ఎన్ని పంపినావు అట్లవి?"

"పదకొండు."

శివ కడ్డీ స్విచ్చి ఆపేశాడు. ఆమె అనుకున్నట్టు నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది. "అయితే నాది నేను ముట్టుకోను," అన్నాడు. "నీది మార్చు. నీది మారిస్తే ఇది ఇట్లే ఆడుతుంది. నేను ఊరికే మారిస్తే నీ పదకొండూ అట్లే ఉంటాయి."

"నా కాడ ఒక కె లేదిప్పుడు."

అతను డబ్బాలోంచి రెసిస్టర్ల పట్టీ తీసి నాలుగు కత్తిరించి ఇచ్చాడు. సత్యభామ బలవంతం మీద బొరుగుల ఉగ్గాని నాలుగు ముద్దలు తిని, స్పందన మళ్లీ బస్టాండుకు నడిచింది. శివ గుమ్మం దాకా వచ్చి, "రేపు ఆడిందో లేదో చెప్పు," అని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగున్నరకు పెనుకొండలో జోసెఫ్ భోజనాల బల్లమీద ఆమె తన క్లాక్ విప్పింది. గింజంత పది కె తీసి, గింజంత ఒక కె అతికించింది. సీక్వెన్సర్ బిగించి, నాలుగూ కలిపి స్కోపు పెట్టింది. నాలుగు పాయింటు ఆరు వోల్టులు. గోడలు నిటారుగా నిలబడ్డాయి. గంటసేపు ఆడించినా ఒక్క దెబ్బ తప్పలేదు.

"తప్పు నాదే సార్," అంది సంచి సర్దుకుంటూ. "శివది కాదు."

"ఎవురిదైతే ఏమమ్మా, ఆడింది కదా. టీ తాగు," అన్నాడు జోసెఫ్. ఆయనకు నిజంగానే అంతే. ఆ మాటతో ఆమె బరువు మాత్రం దిగలేదు.

మరునాడు బడి హాల్లో పిల్లలు నేలమీద కూర్చున్నారు. జోసెఫ్ నలభై నిమిషాలు వాయించాడు. పిల్లలు మొదట బిక్కమొహాలు వేశారు, తర్వాత మోకాళ్లమీద తాళం వేశారు. స్పందన తలుపు దగ్గర నిలబడి ఎనిమిదేసి దెబ్బలు లెక్కపెట్టుకుంటోందే గాని, ఏ పాట వాయించాడో అడిగితే చెప్పలేకపోయేది. ఇంకా అయిపోకముందే బయటికొచ్చి మెట్లమీద కూర్చుని, మిగతా పదిమందికీ ఒకే మెసేజి రాసింది. రెండుసార్లు చెరిపి రాసింది. చివరికి ఉన్నదున్నట్టు పెట్టింది: నా క్లాకులో తప్పుంది, మూడు నాలుగు మాడ్యూళ్లకు కలిపితే దెబ్బలు తప్పుతాయి, నాకు తిరిగి పంపండి, మార్చి ఇస్తాను.

మొదటి జవాబు బెంగుళూరు నుంచి వచ్చింది. రమణ అని, ఒక బ్యాంకులో పనిచేసే ఆయన. "మూడు నెలలుగా నాకే చేతకావడం లేదనుకున్నానండి. పెట్టె మూసి మంచం కింద తోసేశాను. ఇవాళే తీస్తాను."

స్పందన దాన్ని మూడుసార్లు చదివింది. తిడితే ఓర్చుకోవడానికి సిద్ధపడి కూర్చుంది గాని, దీనికి ఏం చెయ్యాలో తెలియలేదు. మెట్లమీంచి లేచింది, గేటు దాకా నడిచింది, వెనక్కొచ్చింది. శివకు ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"ఆడిందా?"

"ఆడింది. పది క్లాకులు తిరిగొస్తాండాయి. ఇంగ నేను ఒంటిగా చూసి పంపను. నీ సీక్వెన్సర్ తగిలించి చూస్తేగాని పంపను."

"అమ్మ చీర గురువారానికి దిగాల. అంతవరకు నేను ఊరు దాటలేను."

"నువ్వు రాబళ్లేదు. నేనే వస్తా సోమవారం."

"అయితే తొమ్మిదికల్లా రా. ఈమధ్య పదైతే కరెంటు తీసేస్తాండారు."

"సరే."

"ఇంగొకటి. ఆ పొద్దు మెట్లమీద నీ మాట విన్నప్పుడు నేను కూడా నిన్ను అడగాల్సింది. అడక్కుండా వచ్చేసినా." అంత మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాడు.

హాల్లోంచి పిల్లలు బిలబిలమంటూ బయటికి వస్తున్నారు. ఆమె వాళ్లను తప్పించుకుంటూ, జోసెఫ్‌కు వైర్లు చుట్టిపెట్టడానికి లోపలికి నడిచింది.