ఆదివారం గోలీ

గిది తోక పైకెత్తుకొని ఏటవాలుగ కూసున్నది, అంటే మలేరియా దోమనే, బళ్లె పిల్లలకు బోర్డు మీద గీసిన బొమ్మ గిదే గదా, జాంబియాల గాని మానుకోటల గాని దీని కూసునే తీరు ఒక్కటే, ఎంత చిత్రం, అనుకుంట విద్యాసాగర్ గొంగడి గదుమ దాకా గుంజుకున్నడు, పండ్లు టకటక కొట్టుకుంటున్నయి, అయినా చూపు గోడ మీదికెల్లి మర్లుతలేదు, సైన్సు పంతులు బుద్ధి యాడికి పోతది, జ్వరం మొన్న వచ్చె, నిన్న మాయమాయె, ఇయ్యాల పొద్దూకంగ మళ్ల వచ్చె, చలికాలం గదరా, ఆడి ఎండలు అలవాటైనయి నీకు అని అవ్వ మిరియాల కషాయం కాసింది, కావచ్చు, కొలువుకని ఆ దేశం పోయి రెండేండ్లాయె, ఆడ వానలు మొదలైతే ప్రతి ఆదివారం పంతుళ్లందరు మలేరియా రాకుండ క్లోరోక్విన్ గోలీ మింగుడే, థూ, ఏం చేదు, ఇంటికొచ్చిన మొదటి ఆదివారం డబ్బి తీస్తే అవ్వ నవ్వింది, మన దోమలకు సుత గోలీలు మింగుతవారా, పెండ్లాం పుష్ప సుత కొంగు అడ్డం వెట్టుకొని నవ్వె, ఇంటోళ్ల ముంగట దొర లెక్క ఈ గోలీలేందని సిగ్గైంది, డబ్బి పెట్టె అడుగున వడేసిండు, మీ ఇంటికి పోయినంక సుత ఇంకో నెల మింగాలె అని ఆడి డాక్టరు చెప్పనే చెప్పిండు, ఇంకో నెల ఎందుకు, ఎందుకంటే, అయ్యో, ఆ గోలీ ఈడి దోమలకు కాదు, వచ్చే ముందు ఆడ కుట్టినదానికి.

భయమైంది, నిజంగ భయమైంది, ఆడ తోటి పంతులొకాయన ఇట్లనే చలిజ్వరమే అనుకొని వారం తిరగకముందే పాయె, ఇంతల ముంజేతి మీద సురుక్కుమన్నది, గోడ మీది దోమ లేదు, ఈడున్నది, కడుపు ఎర్రగ ఉబ్బుతున్నది, ఎంత ఇష్టంగ తాగుతున్నదో చూస్తనే ఉన్నడు, తాగి యాడికి పోతది, లోపల ఆ మలేరియా పురుగును పెంచుకొని ఇంకెవరిని కుడతది, తను ఆ దేశం పోయినంక పుట్టిన బిడ్డ, నిన్ననే కొత్త పోయి తన గొంగట్లకు దూరిన బిడ్డ, అగో, మళ్ల చేతులు చాపుకుంట వస్తున్నది, ఫట్‌మని కొట్టిండు, చేతికి నెత్తురంటింది, ఒక్కటి చచ్చింది గని చీకటి పడితే ఇంకెన్ని వస్తయో, పుష్పా, బిడ్డను దూరం తీస్కపో, రిక్షా పిలువు, దవాఖానల నెత్తురు చూపించాలె, జాంబియా నుంచి వచ్చిన్నని నేనే చెప్త, అప్పటిదాకా నా మంచానికి దోమతెర కట్టు అన్నడు, బిడ్డకు గాదా తెర, నీకెందుకు అని పుష్ప పరేషాన్ అయింది, బిడ్డ బాపూ అని ఏడుస్తున్నది, ఎత్తుకోవాలని పానం గుంజుతున్నది, ఎత్తుకోలే, రెండేండ్లు దోమల నుంచి తనను కాపాడుకున్నడు, ఇయ్యాల ఈ ఇంటి దోమలనే తన నుంచి కాపాడాలె.