మందలో ఎన్ని?

జనవరిలో ధ్రువం అంచునున్న మా కౌతోకైనో ఊళ్లో వాన కురిసింది. మాకు జనవరి వాన అంటే ఇంట్లో దొంగలు పడ్డట్టే. మర్నాటి చలికి ఆ నీరంతా మంచు మీద గడ్డకట్టి బండలా బిగుసుకుంది. దాని కిందే నాచు ఉంది. నా రెయిన్‌డీర్లకు వాసన తెలుస్తూనే ఉంది, గిట్టలతో ఎంత తవ్వినా అందదు. రెండు వారాల్లో మేత దొరక్కపోతే మంద దక్కదు.

అందుకే కమిటీ అంటే ఒళ్లు మండే నేను, రెండు కొసల కమిటీ పిలవగానే పరుగెత్తుకుంటూ పోయాను. ఎడారికీ ధ్రువానికీ పోటీ పెట్టి, ఎవరి కష్టం పెద్దదని తేలితే వాళ్లకు లారీలకొద్దీ మేత ఇస్తారట. ఎడారి తరఫున నైజర్ నుంచి అగాలీ అనే ఒంటెల కాపరిని దింపారు. నీలం తలపాగా, ఒంటి మీద మూడు కోట్లు, అయినా పళ్లు టకటకలాడుతున్నాయి. చూడలేక మా ఆయన బొచ్చు బూట్లు ఇచ్చాను.

కమిటీ పెద్ద హాల్వర్ రాజధాని మనిషి. ఆయన ఫారంలో ఎడారి వైపు 'ఎండ' అనీ, ధ్రువం వైపు 'మంచు కరుగుట' అనీ ముందే అచ్చు వేసి ఉంది. ఎంత బాధపడుతున్నామో మార్కులు వేసుకుంటే చాలు. అగాలీ మాత్రం ఎండ తమకు చుట్టమేననీ, నిరుడు ఒక్క పూట వాన వరదై వచ్చి ఒంటెల్ని ఈడ్చుకుపోయిందనీ దుబాసీ అమ్మాయితో చెప్పించాడు. ఎడారిలో వరదేమిటని హాల్వర్ చిన్నబుచ్చుకుని నా వైపు తిరిగాడు.

"మీకు మంచు కరిగిపోతోంది కదండీ?"

"కరిగితే బాగుండు బాబూ. కరగకే చస్తున్నాం. మమ్మల్నీ వానే ముంచింది."

"వానకు గడి లేదండీ," అన్నాడు, మేమిద్దరం కూడబలుక్కుని ఆయన ఫారం పాడుచేసినట్టు.

అసలు చిక్కు చివరి ప్రశ్న దగ్గర వచ్చింది. మందలో ఎన్ని? మా వాళ్లలో ఆ మాట అడగడమంటే ఇనప్పెట్టె తెరిచి చూపించమన్నట్టే. మా అమ్మ తన లెక్క మా నాన్నకు కూడా చెప్పలేదు. అగాలీ ముఖం చూస్తే వాళ్లదీ అదే తంతేనని అర్థమైంది. చెబితే దిష్టి తగులుతుందట. చెప్పి చావు, మేత వస్తుంది, అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా సరిపడా ఉన్నాయన్నాను. దేవుడిచ్చినన్ని అన్నాడు అగాలీ.

హాల్వర్ రెండు చోట్లా సున్నా వేశాడు. జంతువులే సున్నా అయినప్పుడు ప్రమాదం కూడా సున్నాయేనని కమిటీ తేల్చింది. మేత రాజధానిలోని జంతుప్రదర్శనశాలకు పోయింది. అక్కడ ఒక ఒంటె, ఒక రెయిన్‌డీర్ ఉన్నాయి. లెక్క స్పష్టంగా ఇచ్చారని వాళ్లను మెచ్చుకున్నారు కూడా.

బస్సు దగ్గర అగాలీ బూట్లు విప్పబోతే వద్దన్నాను. నాకు ఏడుపొచ్చింది, నా మీద నాకే కోపమూ వచ్చింది. అతను అటూ ఇటూ చూసి, చేతి తొడుగులు తీసి, నా ముందు పది వేళ్లూ చాపి రెండు ముడిచాడు.

"ఇంక దిష్టి తగలడానికి ఏం మిగిలిందక్కా?" అన్నాడట. దుబాసీ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది.

నేనూ తొడుగులు తీశాను. చేతులు ఎన్నిసార్లు తెరిచి మూశానో మీకు చెప్పను. ఆ రోజు చలి మైనస్ ముప్ఫై, తొడుగు తీస్తే నిమిషంలో వేళ్లు కొయ్యబారతాయి. లెక్క పూర్తయ్యేసరికి నా వేళ్లకు ఇంకా చలి తెలియలేదు.