చేతికి మట్టి అంటకుండా

పోయినేడు గెంచో నేలకి చెయ్యి ఆనించాడు. ఆ సంగతి ఊరంతటికీ కలిపి ఒక్క దోన్కాకే తెలుసు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆ మనిషి వీపు ఎప్పుడు ఎటు వంగుతుందో ఆవిడకి కంఠతా వచ్చేసింది మరి.

ఏటా మార్చి మొదట్లో ఆ బల్గేరియా పల్లెలో మగాళ్ళు కుకేరులవుతారు. మేకతోళ్ళు కప్పుకుని, కొమ్ముల ముసుగులు తగిలించుకుని, నడుముకి గంటలు కట్టుకుని, చలినీ చెడునీ పొలిమేర దాటేదాకా తరిమేస్తారు. గెంచో గంటలు ఆయన నాన్నవి, ఇరవై ఆరు కిలోలు! ఆట చివర్లో రాజు వేషగాడు బురదలో పడతాడు, కుకేరులంతా గొంతుక్కూర్చుంటారు, రాజు లేవగానే అందరూ ఒక్క ఊపున లేస్తారు. లేచేటప్పుడు నేలకి చెయ్యి ఆనిందా, ఇక అంతే, గంటలు విప్పి కుర్రాళ్ళ చేతిలో పెట్టాల్సిందే. పోయినేడు అందరి కళ్ళూ రాజు మీదే ఉన్నాయి. దోన్కా కళ్ళు మాత్రం గెంచో మీద ఉన్నాయి.

ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. తీరా నవంబరులో, క్యాబేజీ పీపాలో ఊరేస్తున్నప్పుడు, ఏదో ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నాడు: "గంటలు పక్కింటి తోమా కొడుక్కి ఇచ్చేద్దామనుకుంటున్నా. నాకూ డెబ్బై వచ్చేస్తున్నాయి కదా."

"అలాగే ఇవ్వు. ఇచ్చాక ఏం చేస్తావ్?"

"ఏముంది, కూర్చుంటా."

ఆ మాటకి దోన్కా చేతిలో క్యాబేజీ పక్కన పెట్టేసింది. ఎందుకంటే అప్పటికే కూర్చున్నాడు మనిషి! మార్చి నుంచీ పొయ్యి పక్కనే, పిల్లిలా. కట్టెలు కొట్టడానికి మనిషిని పెట్టాడు. ఆ గంటలు కూడా గడప దాటితే ఈయన మంచం దిగడని ఆవిడకి అర్థమైపోయింది.

మంగళవారం పొద్దున్నే చెయ్యి పట్టుకుని ఊరి సాంస్కృతిక భవనానికి లాక్కెళ్ళింది. అక్కడ పట్నం నుంచి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి విలియానా, వారానికి రెండు రోజులు పెద్దవాళ్ళకి బరువులతో కసరత్తు చేయిస్తుంది. పెద్దవాళ్ళంటే ఐదుగురు ముసలమ్మలే, వాళ్ళలో దోన్కా ఒకతి.

"ఏమిటే, మొగుణ్ణి చంకనేసుకొచ్చావ్?" అంది స్తోయ్నా. ఆవిడకి డెబ్బై ఎనిమిది, నోటికి మాత్రం పద్దెనిమిది.

"ఇంట్లో వదిలేస్తే వేళ్ళు పాతుకునేలా ఉన్నాడక్కా."

విలియానా ఒక కుర్చీ వేసింది. "చేతులు గుండెల మీద పెట్టుకుని, పట్టుకోకుండా లేచి కూర్చోండి తాతగారూ. పది సార్లు."

"కుర్చీలోంచి లేవడం కూడా ఒక కసరత్తేనా అమ్మాయ్? రోజూ చేసేదే కదా!"

నాలుగు సార్లు లేచాడు. ఐదోసారి సగం దాకా వచ్చి దబ్బున కూలబడ్డాడు, కుర్చీ కిర్రుమంది. పక్కన స్తోయ్నా పన్నెండు పూర్తి చేసి తలగుడ్డ సర్దుకుంటోంది.

"గంటలు నాకిచ్చెయ్ అబ్బాయ్, నేను కట్టుకుంటా!"

హాలంతా నవ్వే నవ్వు. గెంచో చెవులు మిరపపండ్లయ్యాయి. గురువారం మాత్రం దోన్కా కంటే ముందే చెప్పులేసుకున్నాడు!

ఇక చూడాలి ఆ రెండు నెలలూ! మొదట నీళ్ళ సీసాలు, తర్వాత చిక్కుడుగింజల సంచి, ఆ తర్వాత నిజం ఇనప డంబెల్స్. ఎత్తు కుర్చీ పోయి పొట్టి స్టూలొచ్చింది. దోన్కా పొద్దున్నే గుడ్లు, మధ్యాహ్నం చిక్కుడు పులుసు, రాత్రి గిన్నెడు పెరుగు పెట్టేది. జనవరికల్లా కట్టెలు ఆయనే కొడుతున్నాడు, మెట్ల మీద రెయిలింగు ఊసే లేదు.

ఒకరోజు దోన్కా ఎర్ర ఉన్ని కనపడలేదు. ఇల్లంతా గాలించింది. కొట్టంలోంచి మూలుగు వినిపిస్తే పరిగెత్తింది. గెంచో నేల మీద పక్కకి పడి ఉన్నాడు, నడుముకి గంటలన్నీ కట్టుకుని. ఒక్కో గంటలోంచి ఎర్ర ఉన్ని కొస బయటికి వేలాడుతోంది. వేళకాని వేళ గంట మోగితే అరిష్టం, పైగా ఊరందరికీ తెలిసిపోతుంది, అందుకని నోళ్ళు కుక్కేసి, వారం నుంచి రోజుకి మూడు పూటలా దొంగచాటు సాధన!

"నడుం పట్టేసిందే..."

విలియానా వచ్చి చూసి తిట్టింది. "కండకి పని చెప్పాక రోజు సెలవివ్వాలి తాతగారూ! అది పెరిగేదే అప్పుడు. రెండు వారాలు బరువు ముట్టారో, చూడండి!"

ఆ సాయంత్రం దోన్కా ఆయన నడుముకి వేడి గుడ్డ కాపడం పెడుతోంటే గోడవైపు తిరిగి అన్నాడు: "ఇక అవ్వదులే. ఇచ్చేద్దాం."

"నేను చూశాను."

"ఏం చూశావ్?"

"పోయినేడు. చెయ్యి."

గెంచో దుప్పటి చెవులదాకా లాక్కున్నాడు.

"ఎవరికన్నా చెప్పావా?"

"ఇదిగో, నీకే చెబుతున్నా."

"తెలిసీ ఏడాదంతా నోరు మూసుకున్నావా? నువ్వా?"

"నువ్వే చెబుతావని చూశానయ్యా. ఇక విను. ఈసారి కూడా చెయ్యి ఆనితే మనిద్దరం కలిసి వెళ్ళి తోమా వాళ్ళింట్లో ఇచ్చొద్దాం. మొహం దాచుకోవడాలు వద్దు. కానీ లేచి చూడకుండా మాత్రం ఇవ్వనివ్వను."

గెంచో ఇటు తిరిగాడు. గుడ్డ పట్టుకున్న ఆవిడ చెయ్యి అందుకుని కాసేపు వదల్లేదు.

రెండు వారాలు పడుకుని, మూడో వారం మళ్ళీ ఎత్తు కుర్చీ నుంచి మొదలెట్టాడు, బుద్ధిగా, రోజు విడిచి రోజు.

పండగ రోజు ఊరంతా బురద. దోన్కా ముసలమ్మల జట్టుతో ముందు వరసలో నిలబడింది. ఇరవై మంది కుకేరులు ఎగిరెగిరి ఆడుతోంటే గంటల మోతకి కిటికీలు వణికాయి. రాజు పడ్డాడు. అంతా గొంతుక్కూర్చున్నారు. రాజు లేచాడు, ఘల్లున అందరూ లేచారు. ఒక్క గెంచో లేవలేదు.

చూడలేక దోన్కా కళ్ళు మూసేసుకుంది. చెవులకి నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక గంట, రెండు, ఆ తర్వాత ఆ ఇరవై ఆరు కిలోలూ, ఒంటరిగా, ఊరందరూ వినేలా!

కళ్ళు తెరిచేసరికి అందరూ నవ్వుతూ తనవైపు చూస్తున్నారు. చూడరూ మరి, తనూ బురదలో మోకాళ్ళు మడిచి, చేతులు గుండెల మీద పెట్టుకుని, సగంలో ఉంది! పక్కన స్తోయ్నా, మిగతా ముగ్గురూ అదే వాలకం. ఏ ఒక్కరికీ తాము ఎప్పుడు కూర్చున్నారో తెలీదు.

"లేవండే, ఇంకా నాలుగు బాకీ!" అని అరిచింది స్తోయ్నా.

గెంచో ముసుగు పైకెత్తుకుని, గంటలు ఘల్లుఘల్లుమంటుంటే నేరుగా దోన్కా దగ్గరికి వచ్చేశాడు. ఎర్రగా కందిన రెండు అరచేతులూ ముందుకి చాచాడు. మచ్చుకైనా మట్టి లేదు.

"చూశావా?"

"ఎక్కడయ్యా! నేనూ లేస్తున్నా కదా!"