మళ్లీ గీసిన ముగింపు

కుమారస్వామి పోయిన మూడవ రోజు, మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, కోడికూర, అతనికి ఇష్టమైన సర్వపిండి. కాకి ముడితే పోయినవాడికి తీరని కోరిక లేదని నమ్మకం. ముట్టకపోతే ఆ కోరికేమిటో ఊహించి, తీరుస్తామని బతికున్నవాళ్లు పైకి వినబడేలా మాట ఇవ్వాలి.

కాకులు తుమ్మచెట్టు దిగలేదు.

నేను వాళ్ల పక్క క్వార్టరులో ఉంటాను. బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. విస్తరి చుట్టూ ఇంతమంది నిలబడితే, పైగా కుక్కలను తరమడానికి కుమారస్వామి స్నేహితుడు సన్నీ కర్ర పట్టుకొని ఉంటే, ఏ పక్షీ దిగదని నెమ్మదిగా చెప్పాను.

"మీ సైన్సు బడిల జెప్పుండ్రి సారూ," అంది కుమారస్వామి తాతకు చెల్లెలైన బుచ్చవ్వ. "మాట ఇయ్యుండ్రే ఎవలన్న."

"నీ చెల్లెను మంచిగ సదివిస్తం కొడుకా," అంది తల్లి శ్యామల.

"నీ బండి అమ్మనియ్య దోస్తు, నేనే నడుపుత," అన్నాడు సన్నీ.

"నీ కోరిక గాదురా, వాని కోరిక జెప్పు," అంది బుచ్చవ్వ.

తండ్రి పోశం చెట్టు మీది కాకులనే చూస్తున్నాడు. ఆయాసం వల్ల బొగ్గుగనిలో పనికి తగడని వైద్యులు తేల్చినప్పుడు, అతడు తన ఉద్యోగాన్ని కొడుక్కి ఇప్పించాడు. బొమ్మలు గీయడం నేర్చుకోవడానికి హైదరాబాదు పోతానని కుమారస్వామి ఎంతో బతిమాలాడు. పోశం వినలేదు. ఆ గనిలోనే పైకప్పు బండ కూలి కుమారస్వామి పోయాడు. కొడుకు తనను క్షమించలేదనీ, కాకి అందుకే రావడం లేదనీ పోశం భయం. అది అతని ముఖంలోనే కనబడుతోంది.

చెల్లెలు స్పందన ఫోను తీసింది. "అన్న గిది సూడకుంటనే పోయిండు, గిదే కోరికేమో."

వాళ్ల చిన్నతనంలో టీవీలో తెలుగులో వచ్చిన జపాను బొమ్మల సీరియలు అది. తండ్రి కోసం కొండ సొరంగంలోకి దిగిన కుర్రవాడు తిరిగి రాడు. ద్వారం దగ్గర తండ్రి దీపం పట్టుకొని నిలబడి ఉండగా కథ ముగుస్తుంది. ఇన్నేళ్లకు దాన్ని నేటి పిల్లల కోసం మళ్లీ గీశారు. చివరి భాగం కుమారస్వామి పోయిన మర్నాడు విడుదలైంది. ఈసారి ఏం చేస్తారోనని అతడు రోజూ చెల్లెలితో వాదించేవాడట.

ఎండకు తెర మీద బొమ్మ కనబడలేదు. అందరూ తాము వచ్చిన ట్రాలీ ఆటో నీడకు జరిగి ఫోను చుట్టూ మూగారు. కర్రతో సహా సన్నీ కూడా వచ్చాడు. తెర మీద కుర్రవాడు దుమ్ము కొట్టుకున్న ముఖంతో సొరంగంలోంచి నడిచి వచ్చాడు. తండ్రి చేతిలోని దీపం జారిపోయింది.

"బతికిండా?" అన్నాడు పోశం.

"గీ కొత్తదాంట్ల బతికిచ్చిండ్లు బాపు."

వెనుక రెక్కల చప్పుడైంది. కాకి విస్తరిలో వాలి సర్వపిండి ముక్క అందుకుంది. శ్యామల నేలకు వంగి దండం పెట్టి ఏడ్చింది.

"ఇప్పుడేమంటవు సారూ?" అంది బుచ్చవ్వ.

అంతలో పోశం నా దగ్గరికి వచ్చాడు.

"సారు, మీరు అబద్ధమాడరు. వాడు నన్ను మాఫ్ జేసిండా?"

అవునంటే సరిపోయేది. కాని అతడు అడిగింది ఓదార్పు కాదు.

"మనం పక్కకు జరిగినం, అది దిగింది. అంతే పోశం. ఇందాక రాకపోవుడు కూడా నీ మీద కోపంతోని కాదు."

అతడు విస్తరివైపు తిరిగాడు.

"అంటే, వాడు ఏం జెప్పలే."

"చెప్పలే."

"ఇగ జెప్పడు."

నేను తల ఊపాను.

మిగతావాళ్లు స్నానానికి నీళ్లలోకి దిగారు. పోశం వచ్చి కూతురి పక్కన చతికిలబడ్డాడు.

"పాతది పెట్టు బిడ్డా."

"వద్దు బాపు."

"గిది వాడు సూడనే లేదు. వాడు సూసింది పెట్టు."

ఆమె వెతికి పెట్టింది. రంగులు వెలిసిన పాత బొమ్మలు. పోశం ఫోనును రెండు చేతులా పట్టుకొని, ద్వారం దగ్గర దీపంతో నిలబడ్డ తండ్రినే చూస్తూ కూర్చున్నాడు. తెర నల్లబడింది.

"మళ్ల పెట్టు," అన్నాడు.