సీసాకు తొడిగిన చీర ముక్క

మా గౌడవెల్లిలో తిన్న కంచం తానే కడుక్కునే మగవాడు ఎవరని ఎవరినైనా అడగండి, నా ఇంటి వైపే వేలు చూపిస్తారు. నలభై ఏళ్లుగా నా కంచానికి ఇంకొకరి చెయ్యి తగల్లేదు. నమ్మకపోతే మా బర్రెను పిలిచి సాక్ష్యం చెప్పించేవాణ్ణి. పోయినేడు అది చచ్చిపోయింది, ఏం చేస్తాం!

గాలయ్య అంటే నేనే. కథ మాత్రం నాది కాదు, మా కోడలు కావ్యది. చిక్కుడుకాయలు తుంచుతూ తను చెబుతుంటే విన్నాను. చెప్పకుండా మింగింది ఎంతో, చేతులు తుంచే వేగాన్ని బట్టి పోల్చుకున్నాను.

ఆ మంగళవారం పొద్దున ఐదున్నరకు కావ్య పెరట్లో అంట్ల ముందు కూర్చుంది. చేతిలో పీచు, మనసులో ముందురోజు మాట. శామీర్‌పేట అవతల మందుల మీద పరిశోధన చేసే ఒక కంపెనీలో ఆమె రెండేళ్లుగా గాజుసామాను కడుగుతోంది. ఇంటర్‌లో బైపీసీ చదివి, ల్యాబు కోర్సులో చేరదామనుకుని, పెళ్లయి మా ఇంటికొచ్చిన పిల్ల. ఇంట్లో అంట్లు, కంపెనీలో అంట్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కొడుకు భానుప్రకాశ్ నవ్వుతూ అన్నాడు, "ఆడ తోమినా గదే, ఈడ తోమినా గదే గదనే. గింత దూరం పోయి తోముడెందుకు?" అని. ఆ నవ్వులో చెడు లేదని ఆమెకు తెలుసు.  అక్కడ ఒక్కో సీసాను ఏడుసార్లు నీళ్లతో తొలిచి, వేడి బీరువాలో ఆరబెట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తారు. అసలు గాజు ఉందా లేదా అన్నట్టు కనబడాలి. అలా కనబడినప్పుడు ఆమెకు లోపల ఏదో నిండినట్టు ఉండేది. ఇంట్లో ఎనిమిదేళ్లుగా కడుగుతోంది, ఒక్కరైనా కంచాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది లేదు. కడిగితే కనబడదు, కడగకపోతేనే కనబడుతుంది. ఆ పని తీరే అంత. ఒంట్లో బాగాలేక ఒకపూట గిన్నెలు మిగిలిపోతే మా ఈదమ్మ, అంటే వాళ్లత్త, "మేం పొద్దంత నాట్లేసొచ్చి గుడ తోమినమమ్మా" అనేది. అదీ నిజమే. నిజాలు అన్నీ ఒకవైపే పేర్చి ఉంటే మనిషి ఎటు జరుగుతుంది?

ముందురోజు మాట ఏమిటంటే, అక్కడ పళ్లేల్లో కణాలు పెంచి వాటి మీద మందులు పరీక్షించే సారు శ్రీకాంత్ ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు. "మూడు వారాలుగా నా కణాలు చచ్చిపోతున్నాయి. నువ్వు కడిగిన సీసాల్లో సబ్బు ఉండిపోతోంది. ఈ శుక్రవారం కూడా పోయాయనుకో, నీ బదులు ఇంకొకర్ని పంపమని కాంట్రాక్టరుకు చెప్పేస్తా" అన్నాడు. ఏడుసార్లు తొలిచానని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం "సరే సార్".  సాయంత్రం ఇంట్లో చెబితే భాను, "మంచిదే గద, మానెయ్. ఎట్లగో అలిసిపోతున్నవ్" అని, జేబులోంచి ఒక డబ్బా తీసి చేతిలో పెట్టాడు. "యాంటీ ఆక్సిడెంట్ మాత్రలంట. మా గోదాం దోస్తు ఇచ్చిండు. రోజుకొకటి ఏస్కో, అలుపుండది."

మొగుడు తెచ్చాడు కదా అని ఆ మంగళవారం కావ్య ఆ డబ్బాను సంచిలో వేసుకుని పోయింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు హర్షితకు చూపించింది. హర్షిత శ్రీకాంత్ కింద పనిచేసే పిల్ల, చదువు పెద్దది, వయసు చిన్నది. మేడం అంటే ఊరుకోదు, అయినా కావ్య మానదు.

"మేడం, గివి మింగితే నిజంగ అలుపు పోతదా?"

హర్షిత డబ్బా తిప్పి చూసి నవ్వింది. "కణం కూడా పొయ్యి లాంటిదే అక్కా. తిన్నదాన్ని ఆక్సిజన్‌తో కాల్చుకుంటేనే దానికి బలం. కాల్చినప్పుడు నిప్పురవ్వలు లేస్తయి. వాటిని అక్కడికక్కడే ఆర్పనీకి లోపలే పనివాళ్లుంటరు, ఎంజైములంటం. రవ్వలు ఎక్కువై ఆర్పేవాళ్లు చాలకపోతే, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటరే, అదన్నమాట. కణం గోడలో ఉన్న కొవ్వు చెడుతది, ప్రొటీన్లు చెడుతయి, ఆఖరికి జన్యువుల రాత కూడా దెబ్బ తింటది."

"గట్లయితే రోగాలొస్తయా?"

"ఒక్కరోజుకు ఏం కాదు. ఏండ్లకేండ్లు అట్లనే జరిగితే షుగరు, గుండె జబ్బు, కంట్ల శుక్లం, మతిమరుపు, అన్నిట్ల దీని చెయ్యి కొంత ఉంటది. ఇదొక్కటే కారణమని చెప్పలేం."

కావ్య ముద్ద కలుపుతూ ఆగిపోయింది. "ఆ ఆర్పేటోళ్లకు సెలవుంటదా మేడం?"

హర్షిత నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేసింది. "ఉండదక్కా. రాత్రి మనం మంచిగ పండుకుంటే వాళ్లకు కొంచెం తెరిపి. రవ్వలు తగ్గితే చాలు, చెడినదాన్ని చాలావరకు కణమే బాగుచేసుకుంటది. మాత్రలు మింగినోళ్లను వేలమందిని చూసిర్రు, పెద్దగా ఒరిగింది లేదు. మంచి తిండి, నిద్ర, పొగకు దూరం, అంతే."

తరువాత ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి తీసుకుపోయింది. హర్షిత పెంచిన కణాలు బతికి, పళ్లెం అడుగుకు అతుక్కుని, చేతులు చాపి పక్కదాన్ని ముట్టుకుంటున్నట్టు ఉన్నాయి. సారువి చచ్చి, గుండ్రంగా ముడుచుకుని ఆవగింజల్లా తేలుతున్నాయి. శ్రీకాంత్ సారు కొన్నిటి మీద కావాలనే పెరాక్సైడ్ పోస్తాడట. పుండు మీద పోస్తే నురగ వస్తుందే, ఆ మందు. అప్పుడు తన కొత్త మందు వాటిని కాపాడుతుందా లేదా అని చూస్తాడు. "విచిత్రమేందంటే అక్కా, ఏం పోయనివి కూడా పెరాక్సైడ్ పోసినట్టే చస్తున్నయి" అంది హర్షిత.

కావ్యకు అక్కడ ఏదో తట్టింది. "మీ సీసాలు గుడ నేనే కడుగుత గద. మీ కణాలు సావలే."

"అవును... నావి చావలే."

"కొవ్వు చెడుతదన్నరు. ఎండల పెట్టిన నూనె గుడ గట్లనే చెడుతదా?"

ఆ నూనె సంగతి నేను చెప్పాలి. కావ్య కాపురానికొచ్చిన మొదటి నెలలో నువ్వుల నూనె సీసాను వంటింటి కిటికీలో పెట్టింది. పదిహేను రోజులకు అది పాడు వాసన కొట్టింది. ఈదమ్మ ఇరుగుపొరుగు వినేలా, "మీయవ్వ నీకు గిది గుడ నేర్పలేదా?" అని, తన పాత చీర చింపి సీసాకు చొక్కాలా తొడిగింది. ఆ మాట కావ్యకు ఎనిమిదేళ్లుగా ముల్లులా ఉంది. ఈదమ్మకు మా అమ్మ కూడా అదే మాట అని ఇలాంటి చీర ముక్కే ఇచ్చిందని ఆ పిల్లకు తెలియదు. ఇప్పుడు ఆ ముల్లే ఆమె తలను ల్యాబు కిటికీ వైపు తిప్పింది. గులాబీరంగు నీళ్లలా ఉండే కణాల మేత, సారు సీసాలోది, కిటికీలో ఎండకు మెరుస్తోంది. మేతను వెచ్చబెట్టే నీళ్లతొట్టి చెడిపోయి సరిగ్గా మూడు వారాలు. అప్పటినుంచి సారు చల్లటి సీసాను పొద్దునే కిటికీలో పెట్టి, చాయ్‌కి పోయి, మధ్యాహ్నం దాకా మరిచిపోతున్నాడు. హర్షిత మాత్రం తన సీసాను కణాలుండే వెచ్చటి చీకటి బీరువాలో పెట్టుకుంటోంది.

కావ్య ఆ సీసా వైపు వేలు చూపించగానే హర్షిత ముఖం మారిపోయింది. "అక్కా, మేతలో ఒక విటమిన్ ఉంటది. దానికి వెలుతురు తగిలితే పెరాక్సైడ్ పుడతది! నేను చదివిన. చదివి మర్చిపోయిన! ఆగు, సార్‌కు నేను చెప్త."

"వద్దు మేడం. అన్నది నన్ను. నేనే జెప్త."

చెప్పింది. కిటికీలోని సీసా, ఇంట్లో నూనె సీసా, రెండిటి సంగతీ చెప్పింది. శ్రీకాంత్ పెద్దగా నవ్వాడు. "నూనె సీసా సైన్సా?" అన్నాడు. "రెండు సీసాలు పెడదాం సార్. రెండూ నేను కడిగినవే, మేత ఒక్క దాంట్లెదే, కిటికీ గుడ ఒక్కటే. ఒకదానికి బట్ట తొడుగుత. సబ్బే అయితే రెండిట్ల సావాలె" అంది కావ్య.  హర్షిత నోటుపుస్తకం తెరిచి తేదీ వేసింది. ఇక సారు కాదనలేకపోయాడు.

సాయంత్రం వంటింట్లో నూనె సీసా చొక్కా విప్పుతుంటే ఈదమ్మ పట్టుకుంది. "నా సీర ముక్కతోని కంపెనీల ఏం పనే?"

"నువ్వు జెప్పిందే నిజమని ఆడ సూపియ్యాలె అత్తమ్మా."

ఈదమ్మ ఆ పాత ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసింది. "గది పల్చగైంది, ఆగు" అని ట్రంకుపెట్టె తీసి, ముదురు ఆకుపచ్చ చీర చెంగు చింపి, రెండు పొరలు చేసి కుట్టింది. నలభై ఏళ్లలో తను చెప్పినదాన్ని ఒకరు పరీక్షకు పెట్టబోతున్నారని ఆమెకు గర్వమో భయమో, సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు పట్టింది.

బుధవారమంతా రెండు సీసాలూ కిటికీలో పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఒంటి మీద ఏమీ లేకుండా, ఒకటి ఆకుపచ్చ చీరలో. సాయంత్రం హర్షిత రెండు మేతలూ రెండు పళ్లేల కణాలకు పోసింది. గురువారమంతా కావ్యకు ఒకటే లెక్క. ఓడిపోతే ఉద్యోగం పోతుంది, దానికంటే ఎక్కువగా, ఇంటికొచ్చి భాను నోట ఆ 'మంచిదే గద' అనే మాట ఇంకోసారి వినాలి. ఆ మంచిలో ఆమె మొత్తంగా మునిగిపోతుంది.

శుక్రవారం పొద్దున శ్రీకాంత్ సారే ముందు చూశాడు. మొదటి పళ్లెంలో అన్నీ ఆవగింజలు. రెండో పళ్లెంలో కణాలన్నీ చేతులు చాపి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అతను రెండు పళ్లేలనూ మార్చి మార్చి చూశాడు. తల ఎత్తి, "సారీ కావ్యా. నీ సీసాలు శుభ్రంగానే ఉన్నాయి. తప్పు నాది" అన్నాడు.

ఆ సాయంత్రం నలుగురం అన్నం తిన్నాం. భాను అలవాటుగా అడిగాడు, "మాత్ర ఏస్కున్నవా?"

కావ్య డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. "గిది నాకొద్దు. నాకు రవ్వలు తగ్గాలె. రేపటి సంది ఎవరి కంచం వాళ్లు కడుక్కోవాలె. పొద్దుటి గిన్నెలు నువ్వు తోమాలె."

భాను నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఈదమ్మ అరుస్తుందని ఇద్దరం ఎదురుచూశాం. ఆమె మెల్లగా, "నాది గుడ నేనే కడుక్కోవాల్నా?" అంది.

"నీది నేను కడుగుత అత్తమ్మా. నలభై ఏండ్లు అందరివి కడిగినవ్ గద."

విన్నారు కదా. మొదట్లో నేను చెప్పుకున్న నలభై ఏళ్లు నావి కావు, ఈదమ్మవి. నావి నలభై రోజులు. అందులోనూ రెండు రోజులు జ్వరమని పడుకుని ఎగ్గొట్టాను. జ్వరం కూడా అంత ఎక్కువేం లేదు. ఊరు నా ఇంటి వైపు వేలు చూపించే మాట నిజమే, కాకపోతే నవ్వుతూ చూపిస్తోంది.

భాను మొదటి రోజు గిన్నెలు తోమి, బోర్లించి, మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు. కావ్య ఒక గ్లాసు తీసి వెలుతురుకు ఎత్తింది. "సబ్బు ఉండిపోతాంది" అంది. పాపం, మళ్లీ తొలిచాడు. ఇప్పుడు బాగానే తోముతున్నాడు. ఎవరూ చూడకుండా తనే గ్లాసు ఎత్తి చూసుకోవడం కూడా నేను గమనించాను. మిగిలిన ఆ పొద్దుటి అరగంటలో కావ్య నిద్రపోదు, హర్షిత ఇచ్చిన పుస్తకం చదువుతుంది. గురువారాల్లో కణాలకు మేత పోయడం హర్షిత ఆమెకు నేర్పుతోంది. నోటుపుస్తకంలో ఆ ప్రయోగం ఎవరి ఆలోచన అన్నచోట మా కోడలి పేరు ఇంటిపేరుతో సహా ఉంది.

ఇక్కడిదాకా నేను రాసినదంతా నిన్న కావ్యకు చదివి వినిపించాను. సారు సారీ చెప్పిన చోటికి రాగానే ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. అది నేను పుట్టించిన మాట. అతను తల ఎత్తి, ఏమీ అనకుండా కిటికీలోని సీసాను తీసి ఫ్రిజ్‌లో పెట్టాడట. అంతే జరిగింది.

"కొట్టెయ్యాల్నా బిడ్డా?" అన్నాను.

"ఉండనియ్ మామా" అంది కావ్య. "సారీ ఎట్ల జెప్పాల్నో తెల్వకనే శానమంది జెప్పరు. సదివితెనన్న తెలుస్తది."

అని మళ్లీ కాయ తుంచుతూ, నన్నొకసారి, నా పక్కన కూర్చున్న ఈదమ్మను ఒకసారి చూసింది.