నూరిన మాత్ర

మందుల కంపెనీలో, మాత్ర లోపల ఏం జరుగుతుందో చూడడమే ఆమె ఉద్యోగం. ఒంటి వేడి ఉన్న నీళ్ల గొట్టంలో మాత్ర వేసి, స్కానర్లో పెట్టి, ఐదు నిమిషాలకో బొమ్మ తీస్తుంది. రోజుకొకటే వేసుకునే మాత్ర మంచిదైతే చుట్టూ జిగురు పొర కట్టి, మందును పిసినారిలా కొంచెం కొంచెంగా విడుస్తుంది. పొద్దున వేసింది సాయంత్రానికీ నడుమ చుక్కలా మిగలాలి. లేకపోతే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లో పడ్డట్టు.

పక్షవాతం వచ్చాక అమ్మను కంటికి రెప్పలా చూసుకున్నది వదినే. ఒక మధ్యాహ్నం అమ్మ రక్తపోటు పడిపోయి, అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయింది. "గుండె అలిసిపోయింది" అన్నాడు డాక్టరు. అందరూ నమ్మారు.

వారం తర్వాత వదినా ఆమే కలిసి అమ్మ గది సర్దుతున్నారు.

"మూడుపూటల బీపీ మాత్రలు తీసేసి, రోజుకొకటే చాలని పెద్దది రాశారు కదా, అది అత్తయ్య గొంతు దిగేది కాదు పాపం" అంది వదిన. "మెత్తగా నూరి తేనెలో పెట్టేదాన్ని. ఒక్క పలుకు కూడా ఉండనిచ్చేదాన్ని కాదు."

ఆమె చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"ఎన్నాళ్లు నూరావు వదినా?"

"రెండ్రోజులే. ఏం?"

ఆమె దుప్పటి మడతపెట్టింది.

మర్నాడు ల్యాబులో అదే మాత్రను, తమ కంపెనీదాన్నే, నూరి స్కానర్లో పెట్టింది. రెండో బొమ్మకే పొడి జాడలేదు. "నూరకూడదని డబ్బా మీద పెద్దక్షరాల్లో వేయించాలి సార్" అంది.

"లోపలి కాగితంలో ఉందిగా" అన్నాడు ల్యాబు పెద్దాయన, తల ఎత్తకుండానే.

నెల రోజులు నిప్పు మింగినట్టు తిరిగింది. చివరికి ఉండబట్టలేక వదినకు చెప్పేసింది.

వదిన ఏడవలేదు. "మాత్ర మారిందని ఆ రోజే నీకు ఫోన్ చేశాను" అంది. "మీటింగులో ఉన్నానన్నావు. మళ్లీ చెయ్యలేదు."

చెప్తే బరువు దిగుతుందనుకుంది ఆమె. దిగలేదు సరికదా, రెండో మనిషి నెత్తికీ ఎక్కింది.

ఇప్పుడు తన పిల్లకు జ్వరమొచ్చినా వదిన మందు సీసా ముట్టుకోదు. అన్న పని నుంచి వచ్చేదాకా పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చుంటుంది.

"మీ వదినకేమైందో అంతుపట్టడం లేదే. నీతో ఏమైనా చెప్పిందా?" అని అన్న ఫోన్లో అడిగాడు.

"నాతో ఏమీ అనలేదన్నయ్యా" అంది ఆమె.